కమ్మీ కింద చేతులు

మొన్న మా ఆవిడ పట్టుబట్టి పరుపులాయన్ని పిలిపించింది. షాపులో కొన్న పరుపులు ఒంటికి పడవట, దూది పరుపే కావాలట. తాడేపల్లిలో మేముండే ఇంటి డాబా మీద ఆయన పాత పరుపు విప్పి, కొత్త దూది కలిపి, మిషను పెట్టి ఏకడం మొదలుపెట్టాడు. కాఫీ ఇద్దామని పైకి వెళ్లాను. డాబా అంతా తెల్లగా ఉంది. ఎండలో దూది పింజలు లేచి, కిందికి దిగాలో వద్దో తేల్చుకోలేనట్టు తిరుగుతున్నాయి. పచ్చి దూదికి ఒక వాసన ఉంటుంది, కొంచెం గింజ నూనె, కొంచెం దుమ్ము, కొంచెం ఎండ. ఏం తోచిందో, చెప్పులు విడిచి ఆ కుప్పలో కాలు పెట్టాను. చీలమండ దాకా దిగిపోయింది. మోకాళ్లు వాటంతటవే వంగాయి. "సార్, అందులో నిలబడబాకండి, అణిగిపోద్ది" అన్నాడాయన. నేను కదల్లేదు. చేతిలో కాఫీ చల్లారిపోతోంది. ఇంకాసేపుంటే పైనుంచి ఎవరో "ఊఁ" అంటారని, ఆ ఒక్క "ఊఁ" కోసమే నేను పుట్టానని అనిపించింది. అలా అనే మనిషి పోయి రెండేళ్లయింది.

ఆయన పేరు మస్తాన్‌వలి మాస్టారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకుని ఉండరు. పొట్టిగా, మెడ లావుగా, కాస్త పొట్టతో ఉండేవారు. గుంటూరు దగ్గర నల్లపాడు పక్క మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. వాళ్ల నాన్న భుజాన దూది ఏకే విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టినవాడు. మాస్టారు మాత్రం కొన్నాళ్లు మిలిటరీలో ఉండి, అక్కడెవరో నేర్పితే జిమ్నాస్టిక్స్ నేర్చుకుని, తిరిగొచ్చి మా బడిలో చేరారు. బడిలో మిగతా మాస్టర్లు ఆయన్ని పెద్దగా లెక్కచేసేవాళ్లు కాదు. డ్రిల్లు పీరియడంటే లెక్కల మాస్టారు పరీక్ష పెట్టుకునే పీరియడు అని అందరికీ తెలిసిందే. ఆయనకు దాని మీద కోపం ఉండేది కాదు. నాకు ఉండేది. నాకు చిన్నప్పటినుంచీ ముక్కు మీదే కోపం, అది ఆయన ఎంత సాన పట్టినా పోలేదు.

నేను జిమ్నాస్ట్‌ని అని చెప్పగానే చాలామంది "అంటే కండలు పెంచడమా అండీ?" అంటారు. కాదండీ బాబూ. మగవాళ్లకు ఇందులో ఆరు పరికరాలుంటాయి. వాటిలో నా ప్రాణమంతా ఒక్కదాని మీదే ఉండేది. రెండు స్తంభాల మధ్య, చెయ్యెత్తినా అందనంత ఎత్తులో, అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ. దాన్ని పట్టుకుని గుండ్రంగా తిరగాలి, తిరుగుతూ తిరుగుతూ వదిలేయాలి, గాల్లో మెలిక తిరిగి మళ్లీ పట్టుకోవాలి, చివరికి ఎగిరి వచ్చి కదలకుండా నేల మీద నిలబడాలి. పుస్తకాల్లో దాన్ని హారిజాంటల్ బార్ అంటారు. మాస్టారు కమ్మీ అనేవారు. ఆ కమ్మీ పట్టుకునే నేను ఒలింపిక్స్ దాకా వెళ్లాను. ఒక్కసారే వెళ్లాను. పతకం రాలేదు. ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మా నాన్న జిన్నింగ్ మిల్లులో బేళ్లు నొక్కే పని చేసేవాడు. ప్రార్థనకు ఆదివారం గుడికి, మిగతా రోజులు మిల్లుకి. అంతే ఆయన లోకం. మిల్లు వెనక ఒక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. గింజ వేరు చేశాక మిగిలిన నాసిరకం దూది అంతా అందులో పోసేవాళ్లు. నేను బళ్లో చెట్టు కొమ్మ పట్టుకుని ఊగుతుంటే చూసిన మాస్టారు, మా ఇంటికి వచ్చిన రోజు ఆ షెడ్డునూ చూశారు. కాసేపు గుమ్మంలో నిలబడి, వంగి, ఒక గుప్పెడు దూది తీసి వేళ్ల మధ్య నలిపి చూశారు. వాళ్ల నాన్న అలాగే చూసేవాడని తర్వాత ఎప్పుడో చెప్పారు. "దీన్ని మించిన మెత్తన దేశంలో ఎక్కడుందిరా ఏసుబాబూ" అన్నారు. మిల్లు యజమానిని ఎలా ఒప్పించారో నాకు తెలీదు. ఆ దసరా సెలవులు అయ్యేసరికి షెడ్డులో దూది గుట్ట మధ్య రెండు స్తంభాలు లేచాయి, వాటి మీద కమ్మీ పడింది. యజమాని పెట్టిన షరతు ఒక్కటే, లోపల ఎవరూ బీడీ వెలిగించకూడదు. బీడీ లేందే గంట గడవని మాస్టారు, నా కోసం పొద్దున్న పూటంతా ఉత్త నోటితో ఉండేవారు.

ఆ షెడ్డులో గడిపిన రోజులు ఇప్పటికీ నాకు కలలాగే ఉంటాయి. రేకుల చిల్లుల్లోంచి ఎండ కడ్డీల్లా దిగేది. ఆ ఎండలో దూది పొట్టు తేలుతూ ఉండేది. నేను తిరుగుతుంటే అదీ నాతోపాటు తిరిగేది. కింద తెలుపు, చుట్టూ తెలుపు, ఎక్కడ గాలి అయిపోయి ఎక్కడ దూది మొదలవుతుందో తెలిసేది కాదు. పడితే చప్పుడుండేది కాదు. మొదటిసారి కమ్మీ వదిలేయమన్నప్పుడు మాత్రం వేళ్లు రాలేదు.

"కింద ఎంత లోతుంది మాస్టారూ?"

"వదిలితే తెలుస్తది."

"మీరు కింద నిలబడతారా?"

"నేనెందుకురా? మా నాయన పంపిన దూది ఉందిగా కింద."

వదిలాను. ఆ తర్వాత నాకు భయమన్నది లేకుండా పోయింది. మిగతా ఊళ్లలో పిల్లలు ఏళ్ల తరబడి భయపడుతూ నేర్చుకునేవి, నేను ఆడుతూ పాడుతూ నేర్చుకున్నాను. కమ్మీ వదిలేసి, దాని మీదుగా వెనక్కి ఎగిరి, మళ్లీ పట్టుకోవడం అన్నిటికన్నా కష్టమైన విద్య. దానికి మేం 'వదిలిపట్టు' అని పేరు పెట్టుకున్నాం. అందకపోతే దూదిలో మునిగి, తుమ్ముకుంటూ పైకి వచ్చేవాణ్ణి. అందితే మాస్టారు "ఊఁ" అనేవారు. అంతకు మించిన మెచ్చుకోలు ఆయన దగ్గర దొరకదు.

జాతీయ పోటీలకు మొదటిసారి వెళ్లినప్పుడు తెలిసింది మా సంగతి. గాల్లో ఉన్నంతసేపూ నాకు సాటి లేదు. జనం లేచి నిలబడి చూస్తున్నారు. అది చూసి నాకు ఇంకా ఊపు వచ్చింది. చివర్లో ఎగిరి, గట్టి మ్యాట్ మీదకు వచ్చాను. నా కాళ్లకు తెలిసింది ఒక్కటే, కింద ఏది ఉన్నా అది లోపలికి దిగుతుంది. అది దిగలేదు. మోకాళ్లు మడుచుకుపోయాయి, చతికిలపడి కూర్చున్నాను. ఆ రోజు ఏ పరికరం మీదినుంచి దూకినా అదే వరస. ఎక్కడ దిగితే అక్కడ కూర్చోవడమే. వేరే రాష్ట్రం కోచ్ ఒకాయన మాస్టారి దగ్గరికి వచ్చి, నవ్వుతూ, హిందీలో ఏదో అడిగాడు. ఏమన్నాడని అడిగితే మాస్టారు వెంటనే చెప్పలేదు. తిరుగు రైల్లో, ఒంగోలు దాటాక, కిటికీలోంచి నల్లరేగడి చేలవైపు చూస్తూ చెప్పారు.

"మీవాడు నేలనెప్పుడూ చూడలేదా అని అడిగాడురా."

నాకు ఒళ్లు మండింది. ఆయనకు మీరేం చెప్పారని అడిగాను.

"చూడలేదనే చెప్పా. నిజమేగా. తప్పు నీది కాదు, దూదిదీ కాదు. దాన్ని నేలనుకున్నాం చూడు, అదే తప్పు. అనుకుంది నేను."

ఆ మర్నాడే షెడ్డులోంచి కమ్మీ పీకించారు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకూ ఏదో అయింది. స్తంభాలు బయటికి మోస్తుంటే, షెడ్డు గుమ్మం దగ్గర ఆగి, బీడీ తీసి, వెలిగించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నారు. వాళ్ల నాన్న చేతి పని తన చేతిలో ఇలా పనికొచ్చిందని ఆయన ఎంత మురిసిపోయారో నాకు ఆ క్షణంలో అర్థమైంది. కానీ ఒకసారి తప్పని తేలాక ఆయన ఇక వెనక్కి చూసే రకం కాదు.

ప్రత్తిపాడులో ఆయన అక్క ఖాసింబీ గారు కౌలుకు మిరప వేసేవారు. కోతలయ్యాక కాయలన్నీ కళ్లంలో ఎండబోసేవాళ్లు. కళ్లమంటే చేలో నీళ్లు చల్లి, రోలరు తిప్పి, వెంట్రుకంత పగులు కూడా లేకుండా గట్టి చేసిన నేల. రాయికీ దానికీ తేడా ఉండదు. మాస్టారు నన్ను అక్కడికి తీసుకెళ్లారు. కనుచూపు మేర ఎర్రగా కాయలు పరిచి ఉన్నాయి. వాటి మధ్య ఆయన వంగి, చీపురుతో కాయలు పక్కకు నెట్టి, చేటంత ఖాళీ చేశారు. పక్కన ట్రాక్టరు ట్రక్కు నిలబెట్టారు. దాని అంచు మీదినుంచి గాల్లో ఒక పల్టీ కొట్టి ఆ చేటంత ఖాళీలో దిగాలి. అడుగు కదిపితే కాయ మీద పడుతుంది. కాయ పగిలితే గింజలు చిమ్ముతాయి, ఘాటు లేస్తుంది, కాలు మండుతుంది. అన్నిటికీ మించి ఖాసింబీ గారు లేస్తారు.

"ఏందిరా మస్తానూ, నా కళ్లం నీ బడనుకున్నావా? పగిలిన కాయ ఎవడు కొంటాడు, నువ్వు కొంటావా?"

"తొక్కడులే అక్కా. నాలుగు రోజులు ఓపిక పట్టు."

"వాడు తొక్కితే నీ కాళ్లు ఇరగ్గొడతా. వాణ్ణేమీ అనను, వాడు చిన్నపిల్లోడు."

తొక్కకుండా ఎలా ఉంటాను? మొదట్లో ఎన్ని కాయలు పగలగొట్టానో దేవుడికే తెలియాలి. దగ్గీ, తుమ్మీ, కళ్లు ఎర్రబడి, కాళ్లు బకెట్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆవిడ తిడుతూనే వచ్చి మడమలకు కొబ్బరినూనె రాసేవారు. మాస్టారు ట్రక్కు నీడలో కూర్చుని చూస్తూ ఉండేవారు. ఒకరోజు నా విసుగు చూసి లేచి వచ్చారు.

"నువ్వు నేలతో కొట్లాటకి వస్తున్నావురా. నేల మీదకి రా, అంతే. చుట్టాలింటికి వచ్చినట్టు రా. గుమ్మంలో ఆగి, చెప్పులు విడిచి, వచ్చానండీ అన్నట్టు."

నవ్వొచ్చింది. అయినా అలాగే చేశాను. ఆ ఎర్రటి ఎండలో, ఘాటు పల్చటి పొగలా లేస్తున్న ఆ కళ్లంలో, గాల్లో తిరుగుతూ ఉండగా కింద చేటంత నల్లటి నేల తిరిగి తిరిగి దగ్గరికి వచ్చేది. ఒక మధ్యాహ్నం నేను దిగాను, నిలబడ్డాను. నా చుట్టూ ఒక్క కాయ కూడా కదల్లేదు. ఖాసింబీ గారు నోట్లో వక్కపలుకు అలాగే ఉంచుకుని చూశారు. మాస్టారు "ఊఁ" అన్నారు.

ఇక్కడినుంచే ఆయన చేతుల సంగతి మొదలవుతుంది. షెడ్డులోంచి తీసిన కమ్మీని బడి ఆవరణలో పాతారు. కింద దూది లేదు, పల్చటి మ్యాట్లు రెండు. ఆ మ్యాట్ల మీద మెడ విరిగేలా పడొచ్చు. అందుకని మాస్టారు కింద నిలబడటం మొదలుపెట్టారు. నేను వదిలిపట్టు చేసినప్పుడల్లా ఆయన చేతులు పైకి లేచేవి, నా వీపుకు బెత్తెడు దూరంలో ఆగేవి. నన్ను ముట్టేవి కావు. నేను కమ్మీ పట్టుకోగానే కిందికి దిగేవి. వాటిని నేను చూసేవాణ్ణి కాదు, గాల్లో ఉన్నవాడికి చూసే తీరిక ఉండదు. కానీ ఉన్నాయని తెలిసేది. నేను రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగంలో చేరాను, జాతీయ పోటీల్లో గెలిచాను, విదేశాలకు వెళ్లొచ్చాను. ప్రతి చోటా కమ్మీ దగ్గరికి నన్ను ఎత్తి అందించిందీ, కింద నిలబడిందీ ఆయనే. అలా ఎన్ని వేలసార్లు ఆ చేతులు లేచి దిగాయో. దూది లేని లోటు ఆయన తన చేతులతో పూడ్చారు. అవి అలా అలవాటు పడిపోయాయి.

ఒలింపిక్స్‌కు అర్హత పోటీలున్నాయి, వాటికి మన దేశం నుంచి ఒక్కరినే పంపుతారన్నారు. ఆ ఒక్కరెవరో తేల్చడానికి ట్రయల్స్ పెట్టారు. చివరి పరికరం కమ్మీ. అప్పటికి నేనే ముందున్నాను. పడకుండా పూర్తి చేస్తే చాలు. ఇందులో ఒక నియమం ఉంది. కింద కోచ్ నిలబడొచ్చు, కానీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ విన్యాసం లెక్కలోకి రాదు, పైగా మార్కులు కోస్తారు. మాస్టారు నా నడుం పట్టి ఎత్తి కమ్మీకి అందించారు. తిరిగాను. వదిలాను. వెనక్కి ఎగిరినప్పుడు, రోజూ వచ్చేదానికన్నా కాస్త దూరం పోయానని తెలిసింది. చేతులు చాచాను. కమ్మీ వేళ్ల చివర్లకు తగిలింది. సరిగ్గా అప్పుడే, నడుం పైన, వెన్ను మీద, ఒక అరచెయ్యి ఆనింది. నెట్టలేదు, ఎత్తలేదు. ఆనిందంతే. నేను కమ్మీ పట్టుకున్నాను. మిగతాదంతా చేశాను. ఎగిరి దిగి, మేకు కొట్టినట్టు నిలబడ్డాను. తలెత్తి చూస్తే న్యాయనిర్ణేత చెయ్యి పైకి లేచి ఉంది. రవ్వంత తేడాతో ఆ చోటు వేరే అబ్బాయికి పోయింది.

బయట మెట్ల మీద కూర్చున్నాం. నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ అంటాను, ఎవడికైనా వస్తుంది.

"ఎందుకు పట్టుకున్నారు మాస్టారూ?"

"పట్టుకోలేదురా. చెయ్యి పోయింది."

"నేను పడేవాణ్ణి కాదు. నాకు కమ్మీ తగిలింది."

"అయ్యుండొచ్చు."

"పడేవాణ్ణని అనుకున్నారా?"

ఆయన తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు, ఎవరిదో పరాయి చెయ్యి అయినట్టు.

"అనుకోలేదు. అనుకునేంత టైము ఎక్కడుందిరా? నువ్వు పడతావో, పట్టుకుంటావో నాకు తెలీదు. చెయ్యి పోయింది, అంతే."

అక్కడితో ఆపేసి ఉంటే ఇద్దరికీ బాగుండేదేమో. కానీ ఆయన ఊరుకోలేదు. గుంటూరు వచ్చిన వారం తర్వాత బడికి రమ్మని కబురు పంపారు. వెళ్లేసరికి కమ్మీ కింద నిలబడి ఉన్నారు. భుజం మీది తువ్వాలు తీసి నా చేతికిచ్చి, చేతులు వెనక్కి పెట్టి, కట్టమన్నారు. వద్దంటే వినలేదు. "కట్టరా. దీనికి బుద్ధి చెప్పాలి" అన్నారు. కట్టాను. కుర్చీ వేసుకుని నేనే కమ్మీ ఎక్కాను. మాస్టారు చేతులు వెనక కట్టుకుని, దొంగను పట్టుకొచ్చినట్టు, కింద నిలబడి ఉన్నారు. తిరిగాను. వదిలాను. నేను పట్టుకునేలోపు కింద ధబ్బుమని చప్పుడైంది. చూస్తే మాస్టారు బోర్లా పడి ఉన్నారు. చేతులు రాకపోయేసరికి మనిషే ముందుకు వచ్చేశారు. దిగి, లేవనెత్తి, కట్టు విప్పాను. పెదవి చిట్లి రక్తం వస్తోంది. ఆయనకు నవ్వాగడం లేదు. చూసి నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం మ్యాట్ మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. నవ్వి నవ్వి, తువ్వాలుతో పెదవి అద్దుకుంటూ అన్నారు.

"చెయ్యి కట్టేస్తే ఒళ్లు పోతోందిరా. ఇది నయమయ్యే రోగం కాదు. నువ్వు క్యాంపుకి పో."

జాతీయ క్యాంపులో నన్ను తీసుకుంటామని వాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. నేనే వెళ్లలేదు. మీరు లేకుండా ఎలాగని అడిగాను.

"నేనుంటేనే ఎలా అని అడుగు. నీకు ఇంకొక్క అవకాశముంది. అక్కడ కింద నా చెయ్యి ఉంటే నాకు నిద్రపట్టదు. పో."

వెళ్లాను. క్యాంపు కోచ్ మంచివాడు, నిఖార్సయిన మనిషి. కమ్మీ కింద చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఏళ్లు గడిచాయి, మళ్లీ అర్హత పోటీలు వచ్చాయి, ఈసారి చోటు నాకే దక్కింది. ఊరికి ఫోన్ చేసి చెబితే మాస్టారు "ఊఁ" అన్నారు. తర్వాత ఖాసింబీ గారు ఫోన్ లాక్కుని, అక్కడ మిరపకాయలు దొరకవంట, పచ్చడి పంపమంటావా అని అడిగారు.

ఒలింపిక్స్ హాలు నాకు పెద్దగా గుర్తులేదు. వెలుతురు గుర్తుంది. ఎక్కడినుంచి వస్తోందో తెలియని వెలుతురు. వేల మంది మాటలన్నీ కలిసిపోయి, దూరంగా ఎక్కడో వాన పడుతున్నట్టు వినబడేది. అంతా నెమ్మదిగా, నీళ్లలో జరుగుతున్నట్టు జరిగింది. కమ్మీ మీదికి వచ్చాక ఒళ్లు తేలికైపోయింది. తిరిగాను. వదిలాను. వెనక్కి ఎగిరాను. ఈసారి వేళ్ల చివర్లకు ఏమీ తగల్లేదు. గాలి తగిలింది. కమ్మీ నాకు అందకుండా, మెల్లగా, పైకి వెళ్లిపోవడం చూశాను. వీపు కింద మ్యాట్ వచ్చి తగిలింది. లేచాను, చేతులకు పొడి అద్దుకున్నాను, మళ్లీ ఎక్కి మొత్తం పూర్తి చేసి, కదలకుండా దిగాను. ఫలితాల్లో నా పేరు అడుగున ఎక్కడో ఉంది.

ఆ సాయంత్రం మాస్టారికి ఫోన్ చేశాను. టీవీలో నా పోటీ చూపించలేదట, ఆయనకు ఏమీ తెలీదు.

"పడ్డాను మాస్టారూ. వదిలిపట్టులో."

"దెబ్బ తగిలిందా?"

"లేదండీ. మ్యాట్ మందంగా ఉంది."

"మెడ? వీపు?"

"ఏమీ కాలేదు. లేచి మళ్లీ చేశాను."

ఫోన్ కట్టయిందేమోనని చూసుకున్నాను. కట్టవలేదు.

"ఏమీ కాలేదా," అన్నారు చివరికి. "అయితే ఆ రోజు కూడా ఏమీ అయ్యేది కాదురా ఏసూ. ఊరికే ముట్టుకున్నా. నీ నాలుగేళ్లు నేను తినేశా."

అన్నాళ్లూ ఆయన ఈ మాట లోపల పెట్టుకుని ఉన్నారని నాకు తెలీదు. ఆయన పెదవి చిట్లి నవ్విన రోజుతో అది అయిపోయిందనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"కమ్మీ అందలేదని తెలిశాక మీ చెయ్యి కోసం చూశాను మాస్టారూ."

"నేను లేనని తెలుసుగా."

"తెలుసు. అయినా వీపు వెతికింది."

అవతల ఆయన ఏడుస్తున్నారని అర్థమైంది. నేనూ ఏడ్చాను. పోటీలో అడుగున ఉన్నందుకు కాదు. వెనకనుంచి ఖాసింబీ గారు, "వాడు అన్నం తిన్నాడో లేదో అడగవేందిరా" అని గట్టిగా అంటున్నారు. మాస్టారు ముక్కు చీది, అడిగారు. తిన్నానని చెప్పాను.

మాస్టారు పోయిన రోజు నేను ఆయన చేతులు పట్టుకుని కూర్చున్నాను. అవి మామూలు చేతులే. పొట్టి వేళ్లు, బీడీ మరకలు, పెద్ద గోళ్లు. ఆయన గురించి రాయమని అడిగితే, పతకాల గురించి, మిల్లు షెడ్డు గురించి రాస్తానని జనం అనుకుంటారు. నాకు మాత్రం, నేను ఓడిపోయిన ఆ రోజున వెన్ను మీద ఆనిన అరచెయ్యే ముందు గుర్తొస్తుంది. దానికి బదులు ఆ పోయిన ఒలింపిక్స్ ఇస్తామన్నా ఇప్పుడు ఇవ్వను. అప్పుడడిగితే ఇచ్చేసేవాణ్ణి, అది వేరే సంగతి.

ఇప్పుడు సాయంత్రాలు తాడేపల్లిలో పిల్లలకు నేర్పుతాను. మంచి మ్యాట్లున్నాయి, పడ్డా ఏమీ కాదు. వాళ్లలో ఒకడికి వదిలిపట్టు వచ్చేస్తోంది, నాలాగే కోపిష్టివాడు. కమ్మీ ఎక్కే ముందు ప్రతిసారీ వేలు చూపించి హెచ్చరిస్తాడు. "సార్, ముట్టుకోవద్దు. పడితే పడతా." ముట్టుకోనురా అని మాటిస్తాను. నిజంగానే ముట్టుకోకూడదనుకుని, చేతులు కట్టుకుని కింద నిలబడతాను. వాడు తిరుగుతాడు, వదులుతాడు. చూసుకునేసరికి నా చేతులు రెండూ పైకి లేచి ఉంటాయి.